పలకకు డబ్బుల్లేవు, పంచాయితీకి ఉన్నాయి

ఈ ఉదయం హనుమకొండలో మా వీధి పెద్దమనిషి ఒకాయన తన గోదాము కప్పు బాగుచేయించుకుంటున్నారు. గాలిదుమారానికి లేచిపోయిన సిమెంటు రేకులను మార్చడానికి ముగ్గురు కూలీలు రబ్బరు చెప్పులతో పైకెక్కారు. నడవడానికి పలక లేదు, కింద వల లేదు. ఇదేమిటని అడిగితే, "పది నిమిషాల పని సార్, వాళ్లకు అలవాటే" అన్నారు.

అలవాటట! ఆరు మిల్లీమీటర్ల మందం రేకు, ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు నాని పెళుసుబారినది, పైకెక్కినవాడి అనుభవం చూసి పగలకుండా ఆగుతుందా? బోల్టుల వరుస మీదే, అంటే అడుగున ఇనుప పట్టీ ఉన్నచోటే కాలు పెట్టాలని ప్రతి మేస్త్రీకీ తెలుసు. కానీ చేతుల్లో కొత్త రేకు పట్టుకుని, గాలి దాన్ని లాగుతుండగా ఆ వరుస తప్పకుండా నడవమనే యజమాని ఒక్కసారి తానే నడిచి చూపించాలి. రెండు మూడు పట్టీల మీద ఆనేలా వెడల్పాటి పలకలు పరిస్తే మనిషి బరువు వాటి మీదికి పోతుంది. ఆ పలకల అద్దె మాత్రం ఆయనకు దుబారా ఖర్చు.

నడుముకు తాడు కడితే చాలనుకునేవారు మరికొందరు. పడినప్పుడు ఆ కుదుపంతా నడుము మీదే పడి వెన్ను దెబ్బతింటుంది. భుజాలను, తొడలను కలిపి పట్టి ఉంచే బెల్టు కావాలి, దాన్ని తలకన్నా ఎత్తున గట్టి ఆధారానికి తగిలించాలి. కూలీలకు హెల్మెట్లు పంచి ఫొటో దిగిన మహానుభావుడినీ చూశాను. హెల్మెట్ మనిషిని పడకుండా ఆపుతుందని ఆయనకెవరు చెప్పారో!

ఇక చట్టం సంగతి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టాన్ని పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోటికే వర్తించేలా రాశారు. పరకాల, నర్సంపేట వైపు రేకుల పనికి ఎక్కేది నలుగురో ఐదుగురో. పదోవాడు లేకపోతే తొమ్మిదిమందికీ ఎముకలు విరగవని ఢిల్లీలో తేల్చారు కాబోలు.

నా కోపం ఈరోజు పుట్టింది కాదు. గతంలో మా ఊరి మిల్లు కప్పు మీద రేకు పగిలి కిందపడి చనిపోయిన కుర్రవాడి పరిహారం పెద్దమనుషుల పంచాయితీలో తేలింది. యజమాని తరఫువాడు అక్కడ అందరి ముందూ, "పగిలిన రేకు ఖర్చు మేమే పెట్టుకుంటాం, మీరివ్వనక్కర్లేదు" అని ఉదారంగా ప్రకటించాడు. ఆ పెద్దమనుషుల్లో ఒక్కరూ నోరెత్తలేదు. తర్వాత కొద్దిరోజులకే అదే కప్పు మీదికి, పలకలు లేకుండానే, మరో ఇద్దరిని ఎక్కించారు.