దేశాలు రిపేర్ చేసే కొలువు

హన్మకొండల రూములు తీసుకొని నోటిఫికేషన్ కోసం ఎదురుసూసుకుంట కండ్లు కాయలు కాసిన తమ్ముళ్లకు ఒక మంచి కొలువు సంగతి చెప్పాలె. యుద్ధమైపోయినంక కూలిన దేశాలను లేపి నిలబెట్టే పని. నవ్వకుండ్రి, ఐక్యరాజ్యసమితి 2005ల దీనికోసం ఏకంగ శాంతి నిర్మాణ కమిషనే పెట్టింది. జీతం డాలర్లల్ల, ప్రమాదమున్న కాడ ఉంటే అలవెన్సు వేరే, అలసిపోతరని కొన్ని వారాలకోసారి సెలవు. అక్కడి జనానికి మాత్రం ఆ సెలవు లేదు.

పీజీ ఉండాలె, ఇంగ్లీషుకు తోడు ఫ్రెంచ్ వస్తే ఇంకా మంచిది, ఆ ఊరోళ్ల మాట రాకున్నా నడుస్తది. మన దిక్కు గెట్టు పంచాదిల రెండు దిక్కులా ధరావతు పెట్టించి, తెల్లందాక కూసోబెట్టి, కత్తులు నూరుకున్న అన్నదమ్ముల తోటి కాయితం మీద ఏలిముద్ర ఏపిచ్చిన పెద్దమనిషి దీనికి పనికిరాడు, ఎందుకంటె ఆయనకు లాగ్‌ఫ్రేమ్ రాదు. అదొక ప్రాజెక్టు ప్లాను రాసే గడుల పట్టిక, ఆఖరి గడిల 'అక్కడ గొడవలు లేకుంట ఉంటయని అనుకుంటున్నం' అని రాస్తరు. గొడవలు ఆపుడే పని కదా అని అడగొద్దు, ఇంటర్వ్యూల మార్కులు పోతయి.

పైసలకైతే కరువు లేదు. అఫ్గానిస్థాన్ పునర్నిర్మాణం కింద అమెరికా ఇరవై ఏండ్లల్ల దగ్గర దగ్గర 14,500 కోట్ల డాలర్లు పెట్టింది, 2021 ఆగస్టు 15న తాలిబన్లు మళ్ల కాబూల్‌ల కూసున్నరు. మధ్యల దాదాపు 55 కోట్ల డాలర్లు పెట్టి అఫ్గాన్ వాయుసేనకు 20 సరుకు విమానాలు తెచ్చిన్రు, అవి సక్కగ ఎగరలే, 2014ల పదహారింటిని తుక్కు కింద అమ్మితే వచ్చింది మొత్తం 40,257 డాలర్లు. పాత ఇనుప సామాన్లు కొంటం అని మన గల్లీల తిరిగేటాయన గూడ గింత తక్కువ అడగాలంటె జర సిగ్గువడ్తడు.

మరి మన అనుభవమేంది అంటరా, వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం ఉన్నది గద. 2006ల విప్పిన్రు, రాళ్లకు నంబర్లేసిన్రు, మళ్ల నిలబెట్టి తెరిసేసరికి 2024 మార్చి వచ్చింది. రాళ్లు ఎదురు మాట్లాడయి, ఓట్లడగయి, పగ పట్టయి, అయినా గంత టైము పట్టింది. దేశమైతే గంత లేటు చెయ్యరు, ఏడాదిన్నర ప్రాజెక్టు ఇస్తరు, అండ్ల సగం ఆఫీసు కిరాయి, జెనరేటర్, వర్క్‌షాపుల టీ బిస్కిట్లకే ఒడుస్తది, ఊరి పేర్లు నోటికొచ్చే టైముకు సారుకు ట్రాన్స్‌ఫర్, కొత్త సారొచ్చి మళ్ల మొదటి నుంచి సర్వే.

అన్నిటికన్న పెద్ద లాభం, పని ఎన్నటికి ఒడువది. 1995ల బోస్నియా యుద్ధాన్ని ఆపిన డేటన్ ఒప్పందంతోని, ఆ ఒప్పందం అమలు సూసెతందుకు అక్కడ పెట్టిన హై రిప్రజెంటేటివ్ అనే విదేశీ పెద్దసారు ఆఫీసు, యుద్ధం ఆగిపోయి పుట్టిన పిల్లలకే పిల్లలైనా ఇంకా మూయలే. మన దగ్గర కాంట్రాక్ట్ లెక్చరర్‌కు వచ్చే జూన్ దాకనే గ్యారంటీ లేదాయె, పాస్‌పోర్ట్ తీసుకొని పెట్టుకోండ్రి.