తొక్కితిని, చిత్తగించవలెను

మా ఇంటి ముందు ఒక పికప్ ట్రక్కు ఉంది. బరువు రెండు టన్నుల పైచిలుకు, బలం మూడు వందల గుర్రాలకు పైమాటే. ఆ గుర్రాలన్నీ కలిసి ఏడాది పొడవునా చేసే పని డాలస్ శివారు ఫ్రిస్కోలో నన్ను ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి కూరగాయల దుకాణానికి మోయడం. వసంతకాలంలో రెండుసార్లు మొక్కల మొదళ్లలో పరిచే చెక్క ముక్కల సంచులు, వినాయక చవితికి ఒకసారి మా సంఘంవారి విగ్రహం. అంతకు మించి దాని వెనక భాగం ఏ బరువూ ఎరగదు. టెక్సస్‌లో ఉంటూ ట్రక్కు కొనకపోవడం పెళ్లికి వెళ్లి భోజనం చేయకుండా రావడమేనని మిత్రులు నచ్చజెప్పారు. కొన్నాను. దాని మీద నాకు విచారం లేదు.

నా విచారమంతా ఆ గుర్రాల చెవుల గురించి. యాక్సిలరేటర్ తొక్కితే వాటికి వెంటనే వినపడదు. నేను తొక్కుతాను, ట్రక్కు ఆలోచనలో పడుతుంది. మనసులో ఒకటి అనుకుంటాను. ఒకటిన్నర అనుకుంటాను. ఇక లాభం లేదని కాలు తీయబోతాను. సరిగ్గా ఆ క్షణంలో మూడు వందల గుర్రాలకూ ఒకేసారి కబురు అందుతుంది. పక్కన పెట్టుకున్న కాఫీ ఒళ్లోకి వస్తుంది.

సర్వీసు కేంద్రంలో చూపించాను. ఒక కుర్రవాడు కంప్యూటర్ తగిలించి, అరగంట సేపు తెర వైపు చూసి, కోడ్ ఏదీ నమోదు కాలేదన్నాడు. కోడ్ లేకపోతే జబ్బు లేదు. పైగా ఈ మోడల్ బళ్లన్నీ ఇంతేనని ఓదార్చాడు. వీధి మొత్తానికి జ్వరం వచ్చింది కాబట్టి మీది జ్వరం కిందికి రాదన్న వైద్యుణ్ణి నేను అదే మొదటిసారి చూడటం.

అసలు రోగనిర్ధారణ చేసినవారు మా మామగారు. ఆయన ఒక జిల్లా కేంద్రంలో ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. 34 ఏళ్ల సర్వీసులో ఎవరి డబ్బుతోనూ కప్పు కాఫీ తాగి ఎరగనని మాకు అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటారు. మనవణ్ణి చూడటానికి ఆరు నెలల కోసం వచ్చి, మూడో రోజున ముందు సీట్లో కూర్చున్నారు. ఎడమకు తిరగాలి. సిగ్నల్ దగ్గర పసుపు బాణం వెలిగి ఆరుతోంది. అంటే ఎదురుగా వచ్చేవాళ్లను పోనిచ్చి, సందు చూసుకుని నీ దారిన నువ్వు వెళ్లు అని. సందు దొరికింది. తొక్కాను. ఏమీ జరగలేదు. ఎదుటి నుంచి ఒక లారీ పెద్దదవుతూ వస్తోంది. ఫ్లాస్కు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తలుపు పైన ఉన్న పిడిని పట్టుకుని, మామగారు ఏ తొందరా లేని గొంతుతో అన్నారు:

"పరిశీలనలో ఉంది."

మరుక్షణం ట్రక్కు ఎగిరి ముందుకు దూకింది.

"మంజూరైంది" అన్నారు.

తరువాత ఇంటికి వచ్చి, చెమట తుడుచుకుంటున్న నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "అల్లుడుగారూ, బండిలో ఏ తప్పూ లేదు. మీరు ఆజ్ఞ ఇస్తున్నాననుకుంటున్నారు. అది అర్జీ."

ఆ ఒక్క మాటతో నా అజ్ఞానం తొలగింది. వెనకటికి యాక్సిలరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఒక ఉక్కు తీగ ఉండేది. ఇటు లాగితే అటు గాలి కవాటం తెరుచుకునేది. తీగకు అభిప్రాయాలు ఉండవు. మామగారి చేతక్ స్కూటరుకూ అదే తీగ. ఏడాదికోసారి నాలుగు చుక్కల నూనె పోయించుకోవడం తప్ప అది ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకసారి దారి మధ్యలో తెగిపోతే, తెగిన కొసను వేలికి చుట్టుకుని లాగుతూ ఇల్లు చేరారట. ఆ స్కూటరు కోసం మాత్రం పేరు నమోదు చేయించుకుని ఏళ్ల తరబడి ఎదురు చూశారు. మరి ఈ ట్రక్కు? మధ్యాహ్నం వెళ్లి సంతకాలు పెడితే సాయంత్రానికి తాళాలు చేతికిచ్చారు. ఎదురుచూపు ఎక్కడికీ పోలేదన్నమాట. దుకాణంలోంచి పెడల్ కిందికి మారింది.

1987లో బీఎండబ్ల్యూ తన పన్నెండు సిలిండర్ల 750లో తీగ తీసేసి విద్యుత్తు పద్ధతి పెట్టింది. ఆ ఖరీదైన కారు నుంచి అది మెల్లగా అందరికీ దిగి వచ్చింది. ఇప్పుడు నా కాలి కింద ఉన్నది ఒక స్ప్రింగు, రెండు సెన్సార్లు. రెండూ ఒకే సంగతిని వేరువేరు వోల్టేజీలలో చెబుతాయి. రెండింటి లెక్కా పొసగకపోతే కంప్యూటర్ దేన్నీ నమ్మకుండా, ఇంటికి ఈడ్చుకుపోవడానికి సరిపడా శక్తి మాత్రం ఇచ్చి, అద్దం కింద పసుపు దీపం వెలిగిస్తుంది. ఇది విని మామగారి ముఖం వికసించింది. "రెండు ప్రతుల్లో సమర్పించాలి. సంతకాలు కలవకపోతే తిప్పి పంపాలి. ఇది రాసినవాడెవడో చదువుకున్నవాడు."

అర్జీ లోపలికి వెళ్లాక కంప్యూటర్ కవాటం ఎంత తెరవాలన్నది చూడదు. ఈ మనిషికి చక్రాల దగ్గర ఎంత తిప్పుడు బలం కావాలన్నది తేలుస్తుంది. తేల్చి, ఫైలును బల్లబల్లకూ తిప్పుతుంది. చక్రం జారుతుందేమోనని ఒక విభాగం. పొగలో కల్మషం పెరుగుతుందేమోనని ఒక విభాగం. బలం ఒక్కసారిగా వస్తే గేర్ల పళ్ల మధ్య సందు టక్కుమని మోగి, యజమాని మనసు కష్టపడుతుందేమోనని ఇంకొక విభాగం. అది బలాన్ని కావాలనే చెంచాతో పోసినట్టు పోయిస్తుంది. ఆ టక్కుమనే చప్పుడు వినిపిస్తే ఫిర్యాదు చేసేవాణ్ణి కూడా నేనే కాబట్టి దీని మీద ఎక్కువ మాట్లాడను.

గేర్ల దగ్గర మాత్రం ఆగాలి. మా ట్రక్కుకు పది గేర్లు. మామగారి కార్యాలయంలో బంట్రోతు నుంచి పై అధికారి దాకా కూడా అన్ని మెట్లు లేవట. నాలుగు చుక్కల పెట్రోలు మిగల్చడానికి బండి ఎప్పుడు చూసినా పై మెట్టు మీద కునుకు తీస్తుంటుంది. నేను తొక్కితే ఏ మెట్టుకు దిగాలో తేల్చుకోవాలి. ఏడా? అయిదా? అయిదుకు దిగాక నాలుగైతే బాగుండేదని దానికి తోస్తుంది. ఈలోగా నేను వెళ్లాల్సిన మలుపు దాటిపోతుంది.

గేర్లు తేలినా, ఇంజనులోకి గాలిని కూరే టర్బో ఒకటి ఉంది. ఇంజను చిన్నది చేసి, లోటు పూడ్చడానికి టర్బో తగిలించారు. అది తిరగాలంటే ఇంజను నుంచి పొగ దండిగా రావాలి. పొగ దండిగా రావాలంటే ఇంధనం దండిగా మండాలి. అందుకు గాలి కావాలి. ఆ గాలి టర్బో తిరిగితేనే వస్తుంది. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు. సిగ్నల్ దగ్గర ఇంజను దానంతట అదే ఆగిపోయే సదుపాయం కూడా ఉంది కనుక, ఈ మొత్తం కార్యాలయాన్ని ముందు నిద్ర లేపాలి. ఆ సదుపాయం వద్దని చెప్పే మీట ఉంది. బండి తీసిన ప్రతిసారీ నొక్కాలి.

అధికారుల జాగ్రత్తకు కారణం లేకపోలేదు. తొక్కకుండానే కార్లు పరుగెడుతున్నాయని అమెరికాలో టొయోటాల మీద ఫిర్యాదులు వెల్లువెత్తినప్పుడు, ఎలక్ట్రానిక్ లోపం ఉందేమో చూడమని ప్రభుత్వం సాక్షాత్తూ నాసాను పిలిచింది. చంద్రుడి మీదికి మనిషిని పంపినవాళ్లు నెలల తరబడి వెతికి, అలా పరుగెత్తించే ఎలక్ట్రానిక్ లోపమేదీ కనబడలేదని 2011లో తేల్చారు. చివరికి చెప్పుకోదగిన ముద్దాయిలుగా మిగిలినవి పెడల్‌కు అడ్డుపడే, కాళ్ల కింద పరిచే పట్టాలు, బిగుసుకుపోయే పెడళ్లు. తొక్కినా కదలని బండి సంగతి చూడమని నాసాకు ఎవరైనా ఒక ఉత్తరం రాస్తే బాగుంటుంది.

ఇంత తెలిశాక నా అభిప్రాయం మారింది. తొక్కగానే కదలడం అనాగరికం. అది తీగల కాలపు మొరటుతనం. అయితే, సూత్రాన్ని గౌరవిస్తూనే నా ఒక్క ఫైలూ త్వరగా కదిలేలా చూసుకోవడం మనవాళ్ల పద్ధతి కదా. మొదట స్పోర్ట్ మోడ్ పెట్టాను. అది ఫైలు మీద 'అత్యవసరం' అని కట్టే ఎర్ర చీటీ. పనిచేసింది. కానీ ఇంజను ఆపి మళ్లీ తీస్తే చీటీ ఊడిపోయి ఉంటుంది. తరువాత వెనక ఏ బండీ లేకపోయినా బరువు లాగే మోడ్ పెట్టాను. కింది గేర్లలో ఎక్కువ సేపు ఉండి బాగానే పలికింది గాని, చదునైన ఫ్రిస్కో రోడ్ల మీద నేను కొండెక్కుతున్నంత గోల చేసింది. ఆపైన ఎవరో చెప్పారని బ్యాటరీ తీగ విప్పి, కాసేపాగి బిగించాను. అది నేర్చుకున్న అలవాట్లన్నీ మరిచిపోతుందట. గడియారం, రేడియో స్టేషన్లు మరిచిపోయింది. వారం రోజులు చురుగ్గా ఉంది. "కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లెవరైనా అంతే, రెండో వారం చూడండి" అన్నారు మామగారు. రెండో వారం చూశాను.

ఆఖరికి అగ్గిపెట్టెకు అన్నలాంటి ఒక డబ్బా కొన్నాను. పెడల్ నుంచి వచ్చే వైరు ఊడదీసి, మధ్యలో దీన్ని తగిలించాలి. పది నిమిషాల పని. నేను అయిదో వంతు తొక్కితే, సగం తొక్కాడని ఇది కంప్యూటర్‌కు చెబుతుంది. ఇంజను బలం వీసమెత్తు పెరగదు. టర్బో, గేర్లు, విభాగాలు అన్నీ యథాతథం. మనం సగం తొక్కితే జరిగేదే జరుగుతుంది, తొక్కే శ్రమ మనది కాదు, అంతే. మరునాడు అదే సిగ్నల్, అదే పసుపు బాణం. తొక్కాను. ట్రక్కు మాట వినిపించుకుంది. మామగారి చేయి పిడి మీదికి వెళ్లేలోపే మలుపు తిరిగేశాం.

"ఏం చేశారు?" అన్నారు.

చెప్పాను. మన మాటను పెద్దది చేసి పైవాళ్లకు వినిపించే డబ్బా అన్నాను. ఆయన కాలిదగ్గరికి వంగి, వైర్ల మధ్య వెలుగుతున్న ఆ చిన్న దీపాన్ని తేరిపార చూశారు.

"ఎంతయింది?"

"మూడు వందల డాలర్లు, మామయ్యగారూ."

ఆయన మనసులో దాన్ని రూపాయల్లోకి మార్చుకున్నారు. పెదవులు కదలడం నాకు కనిపించింది.

"మా ఆఫీసులో ఇంత ఉండేది కాదండీ" అన్నారు. అని, చటుక్కున ఆగి, ఫ్లాస్కు మూత బిగించుకుంటూ కిటికీలోంచి ఫ్రిస్కోను చూడటం మొదలుపెట్టారు.