చెరువు నిండకుండా బోరు పోయదు

ఉత్తర తెలంగాణ రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పెద్ద ప్రాజెక్టులు వచ్చాక ఊరి కుంటలు, ఇంకుడు గుంతలు దండగ. ఊరోళ్లు కలిసి చేసిన పనులు రెండు వానలకే కొట్టుకుపోతాయి. పైన నీళ్లు ఆపితే కింది ఊరి నోట్లో మట్టి కొట్టినట్టే. ఆ చందాల డబ్బుతో వెయ్యి అడుగుల బోరు వేసుకోండి." ఇదీ దాని సారాంశం. దీన్ని నమ్మితే పూడికతీతకు చందా ఇచ్చేవాళ్లు ఆగిపోతారు, అప్పు చేసి రిగ్గు బండిని పిలిచేవాళ్లు పెరుగుతారు. అందుకే ఒక్కో మాటా తేల్చుకోవాలి.

ముందు బోరు సంగతి. ఎక్కువ నష్టం చేసే సలహా అదే. వరంగల్, కరీంనగర్ వైపు మన కాళ్ల కింద చాలావరకు ఉన్నది గ్రానైట్. లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఊరే నేల కాదిది. పైన మెత్తబడిన రాతి పొర, దాని కింద పగుళ్లు. నీళ్లుండేది వాటిలోనే. నీళ్లిచ్చే పగుళ్లు ఎక్కువగా 300 అడుగుల లోపే ఉంటాయి, ఆ కింద గట్టి బండ. అక్కడ అదృష్టం కొద్దీ ఒక పగులు తగిలినా, పైనుంచి ఇంకితేనే అది మళ్లీ నిండుతుంది. వెయ్యి అడుగులు దింపి దుమ్ము తప్ప ఏమీ చూడని రైతు బాధ ఈ జిల్లాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చెరువు నిండిన ఏడు ఆయకట్టులో బావులు, బోర్లు పోస్తాయి. చెరువు ఎండితే అవీ ఎండుతాయి. అందరూ పోటీపడి లోతుకు దిగితే పక్కవాడి బోరు ఆగిపోతుంది తప్ప ఊళ్లో ఒక్క బిందె నీళ్లు పెరగవు.

వానే తక్కువంటారా? ఏడాదికి 900 మిల్లీమీటర్లు పడితే ఒక్క ఎకరం మీద పడిన నీళ్లు దాదాపు 36 లక్షల లీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. ఆపే చోటు లేకపోతే వాగుల్లో పడి గోదావరికి పోతుంది.

పెద్ద ప్రాజెక్టులు వద్దని ఎవరూ అనడం లేదు. కానీ దేవాదుల ఎత్తిపోతల పథకంలో గోదావరి నీళ్లను ఎత్తిపోసేది కూడా ధర్మసాగర్ చెరువులోకే కదా! చెరువులు పూడిపోతే ఎత్తిపోసిన నీళ్లు ఎక్కడ పెడతాం? 2023 అక్టోబరులో కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక అందులో నీళ్లు నిలపడం ఆగిపోయింది. ఊరి చెరువు నిండటానికి కరెంటు మోటార్లు అక్కర్లేదు, వాన చాలు.

ఇక ఊరోళ్ల పనులు "కొట్టుకుపోతాయి" అనే మాట. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు కాకతీయుల నాటివి. వాటి కింద ఇవాళ్టికీ పొలాలు పారుతున్నాయి. అవి రాజులు కట్టించినవి కదా అనొచ్చు. కట్టించింది రాజులే. ఇన్ని వందల ఏళ్లు కాపాడింది మాత్రం తూము చూసుకున్న నీరటివాళ్లు, కట్టకు మట్టి పోసి కాల్వలు తీసిన ఊరి జనం. మానేరు మీద చెక్‌డ్యాములు వరదలకు దెబ్బతిన్నాయని చూపిస్తున్నారు. కొన్ని దెబ్బతిన్నది నిజమే, కానీ అవి కాంట్రాక్టర్ల పనులు. ఆ లెక్క ఊరోళ్ల ఖాతాలో రాయడం అన్యాయం. ఊరు పూనుకుంటే ఏమవుతుందో గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో చూడొచ్చు. అక్కడ మంచినీళ్ల బాధ్యత ఊరి కమిటీదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ తీసిన పూడికమట్టిని రైతులే సొంత ఖర్చుతో చెల్కలకు తోలుకున్నారు. ఆ మట్టి కలిసిన ఎర్రనేలలో తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇంకుడు గుంతల మీద కోపం కొంత న్యాయమే. బిల్లు కోసం తవ్వి వదిలేసినవి చెత్తతో నిండాయి. రాళ్లు, కంకర సరిగ్గా వేసి ఏటా శుభ్రం చేస్తే పనిచేస్తాయి.

మెసేజ్‌లో ఆలోచించాల్సిన మాట ఒక్కటుంది, కింది ఊరి గురించి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి (అలుగు) దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. పూడిక తీసిన చెరువు నిండటానికి కొంత ఎక్కువ నీళ్లు పడతాయి కూడా. అందుకే పని మొదలుపెట్టే ముందే కింది ఊరి పెద్దమనుషులను పిలిచి కూర్చోబెట్టాలి. మత్తడి ఎత్తు మాత్రం జానెడు కూడా పెంచొద్దు. పెంచితే కింది ఊరు ఎండుతుంది, పైన శిఖం (చెరువు లోపలి భూమి) పక్క పట్టా భూములు మునుగుతాయి. రెండు చెరువుల నడుమ కాల్వలో పెరిగిన తుమ్మలను మృగశిర కార్తెలోపే రెండు ఊళ్లూ కలిసి కొట్టేసుకోవాలి.