అచ్చం సినిమాలా ఉందట!

వీడియో గేమ్‌లో కథ బాగుంటే మనవాళ్లు ఇచ్చే అత్యున్నత పురస్కారం ఒక్కటే: "అబ్బ, అచ్చం సినిమాలా ఉందిరా!" దీనికి కమిటీ అక్కర్లేదు, సోఫాలో కూర్చున్న ఎవరైనా ఇచ్చేయొచ్చు. సినిమా చూసొచ్చి "ఆహా, పేజీలు తిప్పుతున్నట్టే ఉంది" అని ఎవరూ మెచ్చుకోరెందుకో మరి.

అయినా గేమ్ సినిమాలా ఉండాలన్న ఆ కోరిక ఎప్పుడో తీరిపోయింది. 2008లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 4 చివర్లో మనం ఆడాల్సింది అయిపోయాక వచ్చే సీన్లే గంట దాటతాయి. అంతసేపూ ఆటగాడి బాధ్యత ఏమిటయ్యా అంటే, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని మిక్చర్ తినడం. ఆ గేమ్‌లో ఒక్కో అంకానికి ముందు డేటా ఇన్‌స్టాల్ అవుతుంటే హీరో, పాపం పెద్దాయన, సిగరెట్ కాలుస్తూ కూర్చుంటాడు, ఆయన కాలుస్తుంటే మనం చూస్తూ కూర్చుంటాం. మధ్యమధ్యలో, దయతలచి, ఒక బటన్ నొక్కితే పాత జ్ఞాపకం తళుక్కున మెరిసే ఏర్పాటు కూడా చేశారు. కళ్లకద్దుకుని నొక్కాలి.

ఇక ద లాస్ట్ ఆఫ్ అస్. 2013 నాటి గేమ్, 2023లో హెచ్‌బీఓ టీవీ సిరీస్‌గా వచ్చింది. వెంటనే మేధావులంతా "హమ్మయ్య, ఇన్నాళ్లకు ఈ కథకు న్యాయం జరిగింది" అన్నారు. అంటే పదేళ్లుగా అది బెయిల్ దొరక్క మగ్గిపోతోందన్నమాట.

ఏం న్యాయమండీ? (ముగింపు తెలియనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.) లోకాన్ని తినేస్తున్న జబ్బు సోకినా ఏమీ కాని పిల్ల ఎల్లీ ఆపరేషన్ గదిలో స్పృహలేకుండా ఉంటుంది, ఆమెను కోస్తే లోకానికి మందు దొరకొచ్చు, కానీ పిల్ల బతకదు. చిన్న కత్తి పట్టుకుని డాక్టర్ అడ్డంగా నిలబడతాడు. సిరీస్‌లో ఆ పిల్లను కూతురిలా చూసుకునే హీరో జోయెల్ అతన్ని కాల్చేస్తాడు, మనం "అయ్యో" అనుకుంటాం, అంతే. గేమ్‌లో చంపాల్సింది నువ్వు. కంట్రోలర్ కింద పెట్టేసి ఎంతసేపు కూర్చున్నా ఆ డాక్టర్ అలాగే నిలబడి ఉంటాడు, కథ అంగుళం కదలదు. మనం ఊ కొడితేనే అమ్మమ్మ కథ ముందుకు సాగేది కదా, ఇక్కడ ఆ ఊ ఖరీదు ఒక మనిషి ప్రాణం! ఊ కొట్టించి మరీ నీకే అంటగడతారు ఆ పాపాన్ని. ఏ కెమెరా చేయగలదు ఈ పని, ఏ దర్శకుడు చేయగలడు? సిరీస్ బాగా తీశారు, కాదనను. కానీ నా చేతికంటిన నెత్తురు తుడిచేసి, దూరంగా తెరమీద చూపించి, దానికి న్యాయమని పేరు పెడితే ఒళ్లు మండదా?

ఇలాంటి మెప్పులు విని విని కంపెనీలు కూడా మనల్ని ఆడించడం తగ్గించి కూర్చోబెట్టడం నేర్చుకున్నాయి. కొత్త గేమ్ దాదాపు 5,000 రూపాయలు. సినిమానే కావాలనుకుంటే ఆ డబ్బుతో ఇంటిల్లిపాదినీ థియేటర్‌కి తీసుకెళ్లండి, పాప్‌కార్న్‌తో సహా. మా జోలికి రాకండి.