ఎప్పుడూ నడిమధ్యనే కొలువుండే ఎలక్ట్రిక్ ముల్లుగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డ్యాష్‌బోర్డు టెంపరేచర్ ముల్లుగారి సముఖమునకు,

నెల్లూరు నుంచి ఒక పాత అంబాసిడర్ యజమాని నమస్కరించి రాసుకుంటున్న లేఖ. మీ దృష్టిలో ఈ లోకం ఎప్పుడూ చల్లగానే ఉంది గనుక క్షేమసమాచారాలతో మిమ్మల్ని విసిగించను. మా ఇంజను వేడి ఎంతో చెప్పే బాధ్యత నుంచి మిమ్మల్ని సగౌరవంగా తప్పించి, ఆ పనిని ఒక మెకానికల్ మీటరుకు అప్పగించామని తెలియజేయడానికే ఈ నాలుగు ముక్కలు.

మీరు ఈ కారుతోపాటు ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి వచ్చినవారు కారని ముందుగా చెప్పడం న్యాయం. అసలు మీటరు కాలం చేశాక, పెట్టె మీద పేరైనా లేకుండా ఏదో దుకాణం నుంచి వచ్చి, ఆ గూట్లో స్థిరపడ్డారు. అప్పటి నుంచి మీరు చూపిన నిలకడ అసామాన్యం. రోహిణీ కార్తె ఎండలో, టంగుటూరు టోల్‌గేటు దగ్గర లారీల వెనుక బండి ఆగి, ఇంజనుతోపాటు ఫ్యాను కూడా నెమ్మదించి, రేడియేటరుకు గాలి ఆడక నీళ్ళు ఉడుకుతున్నప్పుడు మీరు నడిమధ్యనే ఉన్నారు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతున్నప్పుడూ నడిమధ్యనే ఉన్నారు. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచి, వెనుక సీట్లోని మా అత్తగారు "ఏంది నాయనా, పొగలొస్తా ఉండాయి?" అని అడిగిన ఘడియలో కూడా, సమీక్షా సమావేశంలో "అంతా అదుపులోనే ఉందండి" అని చెప్పే అధికారిలాగా, మీరు రవ్వంత చలించలేదు.

మిమ్మల్ని అనుమానించి ఆటోనగర్‌కు తీసుకువెళితే, మేస్త్రి మీ ముఖం చూసి "ముల్లు మజ్జలో ఉండాది గదా సార్, ఇంకేం గావాల?" అన్నాడు. వేడికి ఇంజను పైభాగమైన సిలిండర్ హెడ్ వంగిపోతే ఎంత ఖర్చవుతుందో తెలిసిన మనిషే ఆ మాట అన్నాడంటే, మీ పలుకుబడి ఎంతటిదో అర్థమవుతుంది.

మీ తరఫున చెప్పవలసినవీ కొన్ని ఉన్నాయి. మీరు స్వయంగా వేడిని చూసే వారు కారు. హెడ్డుకు బిగించిన సెన్సరు వేడెక్కే కొద్దీ దాని నిరోధం తగ్గి, మీ దాకా వచ్చే కరెంటు పెరిగితే, మీలోని రెండు లోహాల పట్టీ వంగి మిమ్మల్ని జరుపుతుంది. ఆ కరెంటు పంపే స్టెబిలైజరుకు ఎర్తింగ్ సరిగా లేక మిమ్మల్ని పైకి నెడుతుంటే, లీకు కాకుండా ఎవరో సెన్సరు మర చుట్లకు చుట్టిన తెల్ల టేపు వల్ల అక్కడ కూడా ఎర్తింగ్ అందక మిమ్మల్ని కిందికి లాగుతోంది. దానికితోడు ఆ సెన్సరు మీకు జత కాదు. ఇన్ని తప్పులు కలిసి ఒక మర్యాదస్తుణ్ణి తయారుచేశాయి. పైగా మీ దారి ఇప్పుడు రాజమార్గమైంది: చాలా కొత్త కార్లలో వేడి కొంత మేర పెరిగినా తగ్గినా ముల్లు మధ్యనుంచి కదలకుండా కంప్యూటరులోనే ఏర్పాటు చేస్తున్నారు, యజమాని కంగారు పడకూడదని. మీరు లోపం వల్ల సాధించినదాన్ని వారు చదువుకుని సాధించారు.

మీ స్థానంలోకి వచ్చినాయనకు ఆ నాగరికత లేదు. బ్యాటరీతో పని లేదు, వైరు లేదు. ఇంజను నీళ్ళలో మునిగే ఒక చిన్న బల్బు, అందులో ఈథరు అనే ద్రవం, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు దాకా సన్నని రాగి గొట్టం, దాని చివర 1849లో ఫ్రాన్సులో బోర్డన్ అనే ఆయన పేటెంటు పొందిన వంపు గొట్టం: అంతే సంసారం. బల్బు వేడెక్కితే లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది, వంపు గొట్టం విచ్చుకుంటుంది, ముల్లు తిరుగుతుంది. ఈథరు సుమారు 35 డిగ్రీలకే మరుగుతుంది గనుక, మూసిన గొట్టంలో లేకపోతే మా నెల్లూరు వేసవిలో అది బల్బులో నిలిచేదే కాదు. వేడితోపాటు ఆవిరి ఒత్తిడి అంతకంతకూ వేగంగా పెరుగుతుంది కాబట్టి, ఆయన ముఖం మీద అంకెలు చల్లని వైపు ఇరుకుగా, వేడి వైపు ఎడం ఎడంగా ఉంటాయి. ప్రమాదం దగ్గరపడే కొద్దీ ఆయన మరింత విడమరచి చెబుతాడు. మీరు ఆ సమయంలోనే మౌనం పాటించేవారు.

ఆయన్ను బిగించే ముందు మా వంటింట్లో పరీక్ష పెట్టాం. పాలగిన్నె ఇవ్వనని మా ఇంటావిడ ఖచ్చితంగా చెప్పడంతో సొట్టపోయిన స్టీలు గిన్నెలో నీళ్ళు మరిగించి, బల్బు అడుగుకు తగలకుండా వేలాడదీస్తే, ముల్లు చిన్నగా వణుకుతూ పైకి పాకి, నీళ్ళు తెర్లేసరికి 100 మీద ఆగింది. సముద్రమట్టానికి ఇంత దగ్గరున్న ఊళ్ళో అంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు. మీకు ఇలాంటి అవమానం ఎన్నడూ జరగలేదు. మీ మీద అంకెలే లేవు గదా.

బిగింపు సంగతికి వస్తే, చల్లబడ్డ ఇంజనులోంచి నీళ్ళు దించి, థర్మోస్టాట్ (వేడెక్కితే తెరుచుకుని నీళ్ళను రేడియేటరుకు వదిలే కవాటం) దగ్గర మీ సెన్సరును విప్పి, ఆ చోటనే బల్బును కూర్చోబెట్టవలసి వచ్చింది. అక్కడి మర ఇంగ్లండు కొలత, బల్బును అందులో బిగించడానికి బజారులో దొరికే అడాప్టరు మర ఇంకేదో కొలత. బలవంతంగా తిప్పితే హెడ్డులోని మరే పోతుంది కాబట్టి లేతుపట్టే వారి దగ్గర సరైనది చేయించాం. రాగి గొట్టాన్ని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. దాన్ని కత్తిరించకూడదు, మడత పడనివ్వకూడదు, సైలెన్సరు గొట్టం పక్కన పోనివ్వకూడదు. ఎక్కడ చిట్లినా ఈథరు పోయి మీటరు మొత్తం మూగబోతుంది. ఇంజనుకు, కూర్చునే చోటుకు మధ్యనున్న రేకులో రబ్బరు వాషరు గుండా దూర్చి, మిగిలిన పొడవును పెద్ద చుట్టగా చుట్టి వదులుగా కట్టాం, ఇంజను అదురు అక్కడే ఆగిపోయేలా.

ఫలితం ఏమంటారా? ఇంట్లో మనశ్శాంతి పోయింది. 82 దగ్గర థర్మోస్టాట్ తెరుచుకోవడం, ఎదురుగాలిలో కొంచెం దిగడం, కావలి ట్రాఫిక్‌లో 95 దాటడం అందరికీ కనిపిస్తోంది. రేడియేటరు మూత ఒత్తిడి వల్ల నీళ్ళు వంద దాటినా వెంటనే మరగవని ఎంత చెప్పినా, అంకె చూడగానే మా అత్తగారు చెట్టు నీడలో బండి ఆపమంటారు. మీ హయాములో ఆమె హాయిగా నిద్రపోయేవారు. నీళ్ళన్నీ కారిపోయి బల్బు గాలిలో వేలాడితే ఈయన కూడా తక్కువే చూపిస్తాడని ఆమెకు నేనింకా చెప్పలేదు.

మిమ్మల్ని గూట్లోంచి పీకేయడం లేదు. పాత కారుకు పాత ముఖమే అందం కాబట్టి మీ ఆసనం, మీ అద్దం, మీ దీపం యథాతథంగా ఉంటాయి. వైరు మాత్రమే తీసేశాం. చివరిగా ఒక మనవి. మీ పక్కనున్న పెట్రోలు ముల్లుగారు కూడా అదే స్టెబిలైజరు ఉప్పు తింటున్నవారే. ట్యాంకు ఖాళీ అయినా ఆయన పావు వంతు ఉందని చెబుతున్నారు. ఆయన సీటు గురించి ఇంకా నిర్ణయం తీసుకోలేదనీ, అప్పటివరకు కిలోమీటర్ల లెక్క చూసుకుని బంకుకు వెళుతున్నామనీ తమరే నెమ్మదిగా ఆయన చెవిన వేయగలరు.

ఇట్లు,
తమరి మాజీ విశ్వాసి,
నెల్లూరు