లోయర్ ఆర్మ్ బుష్ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత ముందు ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. కానీ మీరూ క్షేమంగా లేరు, మీవల్ల నేనూ క్షేమంగా లేను కాబట్టి నేరుగా విషయానికి వస్తున్నాను.

తమరు గుప్పెట్లో పట్టేంత రబ్బరు ముక్క. మధ్యలో ఒక లోహపు గొట్టం, చుట్టూ రబ్బరు, ఆ రబ్బరు లోపలి గదుల్లో కాస్త ద్రవం. చక్రాన్ని పట్టుకున్న అల్యూమినియం ఆర్మ్‌కీ, కారు అడుగున ఉండే సబ్‌ఫ్రేమ్‌కీ నడుమ కూర్చుని, రోడ్డు కొట్టే దెబ్బలన్నీ తామే తిని, పైన లెదర్ సీట్లో ఉన్నవాడికి ఏమీ తెలియనివ్వకపోవడం తమరి ఉద్యోగం. ఈ జర్మన్ కారులో దండాలన్నీ బానెట్ మీది గుర్తుకి, ఫొటోలన్నీ అల్లాయ్ వీల్స్‌కి, మెచ్చుకోళ్లన్నీ సన్‌రూఫ్‌కి. బ్రోషర్ మొత్తం తిరగేసినా తమరి పేరు కనబడదు. ఆ కక్ష నా మీద తీర్చుకుంటున్నారేమోనని మొదట్లో అనుమానం ఉండేది.

ఎందుకంటే తమరి పద్ధతే అలాంటిది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడులో వెళ్తున్నంతసేపూ మహా బుద్ధిమంతులు. ఎగ్జిట్ దగ్గర టోల్ కోసం బ్రేక్ మీద కాలు పెట్టానో లేదో, స్పీడు ఎనభైకి దిగేసరికి స్టీరింగ్ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. అరవైకి దిగగానే మళ్లీ ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. పక్క సీట్లో ఉన్న మా మామగారు "ఏమోనయ్యా అల్లుడూ, మా అంబాసిడర్ అంతటా వణికేది గానీ, ఇలా చోటు చూసుకుని వణికేది కాదు" అన్నారు. ఆయనకు తెలియకుండానే రోగాన్ని సగం పట్టేశారు. మిగతా సగం పట్టుకోవడానికి నా డబ్బు చాలా మంది చేతులు మారింది.

మొదట టైర్ల షాపువాళ్లు వీల్ బ్యాలెన్సింగ్ అన్నారు. రిమ్ముకు సీసం ముక్కలు అతికించారు. వణుకు పోలేదు. తర్వాత ఇంకో షాపులో బ్రేకు డిస్కులు వంకర పోయాయని లేతు మీద పెట్టి చెక్కారు. ఆ తర్వాత చెక్కిన డిస్కులు పనికిరావని కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేశారు. అప్పుడు కొన్నాళ్లు కారు పట్టులా నడిచింది. అదే అసలు మోసం. డిస్కులో వెంట్రుకవాసి తేడా ఏ కారుకైనా వస్తుంది. తమరు ఆరోగ్యంగా ఉంటే దాన్ని దారిలోనే మింగేస్తారు, స్టీరింగ్ దాకా రానివ్వరు. తమరు చిరిగిపోయాక ఆర్మ్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ఆ చిన్న తేడాయే నా రెండు చేతుల్లోకి వచ్చేస్తుంది. కొత్త డిస్కు నున్నగా ఉన్నన్నాళ్లే తమరి గుట్టు దాగింది.

సర్వీస్ సెంటర్‌లో ల్యాప్‌టాప్ తగిలించి, "లోపం చూపే ఏ కోడూ లేదు సార్, కారు పర్ఫెక్ట్" అన్నారు. సీటు బెల్టు పెట్టుకోలేదని ఆ కారుకు తెలుస్తుంది. వెనక డోరు సరిగ్గా పడలేదని తెలుస్తుంది. డ్రైవర్‌కి నిద్ర వస్తోందని కూడా కనిపెట్టి కాఫీ కప్పు బొమ్మ చూపిస్తుంది. తమరు చిరిగిన సంగతి మాత్రం తెలియదు, తమరికి సెన్సర్ లేదు మరి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

చివరికి తమరిని పట్టుకున్నది ఒక మెకానిక్ భాయ్ చేతిలోని ఇనుప రాడ్డు. కారును రాంపు మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. బేరింగూ, బాల్ జాయింటూ బాగానే ఉన్నాయన్నాడు. పక్కలకు పట్టుకుని ఊపాడు. స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లోనూ వదులు లేదు. టైరు లోపలి అంచు మీద అరచేయి రాసి ఒకసారి తల పంకించాడు, అటువైపు అరిగి గుండు, బయటివైపు గాళ్లు అలాగే ఉన్నాయి. ఆ తర్వాత ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ మధ్య రాడ్డు దోపి మెల్లగా ఎత్తాడు. తమరు అంత పొడవునా నోరు తెరిచారు. లోపలి ద్రవం ఎప్పుడో కారిపోయి, ఆర్మ్ మీద నల్లటి చారిక కట్టింది. దాన్ని వేలితో తుడిచి నా ముఖం ముందు పెట్టి, "ఇదీ సార్ కోడు" అన్నాడు.

ఇక ఎస్టిమేట్ సంగతి. తమరు విడిగా దొరకరట. సర్వీస్ సెంటర్‌వారు ఆర్మ్ మొత్తం మారుస్తారు, రెండు వైపులా. "ఎలాగూ విప్పుతున్నాం కదా" అని షాకర్లు కూడా రాసేశారు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే కారు ధర సగానికి సగం పడిపోతుంది గానీ పార్టుల ధర కొత్త కారుదే. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే. ఇన్సూరెన్స్‌ను అడిగితే అరుగుదలకు పాలసీ వర్తించదన్నారు. ఒక మిత్రుడు పాలీయూరిథేన్ బుష్షులు వేయించమన్నాడు. అవి గట్టివే, కానీ రోడ్డు మీది ప్రతి గులకరాయినీ పేరుపేరునా పరిచయం చేస్తాయి. అందుకోసమైతే మామగారి అంబాసిడరే చాలు.

తమరిని తిట్టడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కానీ పాత ఓనరు ఇచ్చిన బిల్లులు వెతికితే తమరు ఈ కారులో చేరి ఎక్కువ కాలం కాలేదని తేలింది. భాయ్ దానికి కారణం చెప్పాడు. తమరిని బిగించేటప్పుడు కారు రాంపు మీద, చక్రాలు గాల్లో వేలాడుతూ ఉంటాయి. ఆ స్థితిలోనే గన్నుతో బోల్టు బిగించేస్తే, కారు కిందికి దిగినప్పుడు ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. అంటే చేరిన రోజు నుంచీ తమరిది మెలిపెట్టిన మెడ. కారు బరువు చక్రాల మీదికి వచ్చాక బిగించాలన్నది కంపెనీ మాన్యువల్‌లోని మాటే. కానీ లంచ్ టైముకు ముందు మాన్యువల్ ఎవరు తెరుస్తారు?

దానికి తోడు మా కాలనీ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే స్పీడ్ బ్రేకర్‌కు కొలతలు రాసిపెట్టింది. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటేలా. మా దగ్గర కొలత ఒక్కటే, ఇల్లు కట్టుకున్నాక ఎంత కాంక్రీటు మిగిలిందన్నది. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారింటి ముందు రెండున్నాయి. పైగా ఈ కారుకు పెద్ద రిమ్ములు, పల్చటి టైర్లు. టైరు మింగాల్సిన దెబ్బ కూడా తమరి ఖాతాలోకే వచ్చింది.

సోమవారం తమరి స్థానంలో కొత్తవారు చేరుతున్నారు. కార్ల కంపెనీలకు ఆర్మ్‌లు చేసిచ్చే జర్మన్ కంపెనీ సరుకే, కారు గుర్తు లేని డబ్బాలో, తక్కువ ధరకు దొరికింది. కుడివైపు సోదరులు ఇంకా పనిచేస్తున్నా, జంటగా మార్చడమే పద్ధతి కాబట్టి వారికీ అదే రోజు పదవీ విరమణ. కారు బరువు చక్రాల మీదికి వచ్చేదాకా బోల్టు బిగించనని భాయ్ మాటిచ్చాడు. అయినా నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్.

ఇట్లు,
ఈఎంఐ ఇంకా కడుతున్న ఓనరు

తా.క.: డిస్కులు మార్చిన షాపుకు ఫోన్ చేసి, తప్పు డిస్కులది కాదు, బుష్‌దని చెప్పాను. "అలాగా సార్, అయితే తీసుకురండి, అదీ మేమే వేసేస్తాం, అరగంట పని" అన్నారు.