సవరణ: నంబర్ వన్ అయింది ఆ పాట కాదు

తిరుపతిలో ర్యాప్ రాసే కుర్రాళ్ళ గురించి పెట్టిన పోయిన పోస్టులో, అమెరికాలో నంబర్ వన్ అయిన తొలి హిప్-హాప్ సింగిల్ ‘రాపర్స్ డిలైట్’ అని ఉంది. ఆ వాక్యం తీసేశాం. 1979లో వచ్చిన ఆ పాట అమెరికాలో పాటలకు వారం వారం ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 36 దగ్గరే ఆగింది. బ్రిటన్‌లో మాత్రం 3 దాకా వెళ్ళింది. హిప్-హాప్‌లో తొలిసారి నంబర్ వన్ కొట్టింది వనిల్లా ఐస్ అనే ర్యాపర్ పాట ‘ఐస్ ఐస్ బేబీ’, 1990 నవంబరులో. అదీ ఒక్క వారమే! మొదట అది రికార్డుకు రెండోవైపు పాట. ఒక రేడియో డీజే తిప్పి వేయడంతో దాని దశ తిరిగింది.

“1981లోనే బ్లాండీ వాళ్ళ ‘రాప్చర్’ నంబర్ వన్ కదన్నా?” అని చిత్తూరు తమ్ముడొకడు అడిగాడు. నిజమే, అందులో ర్యాప్ ఉంది. కానీ వాళ్ళది రాక్ బ్యాండ్, పాటలో చాలా భాగం మామూలుగా పాడిందే. అందుకే హిప్-హాప్ లెక్కలో వేయరు.

36 అనగానే ఫ్లాప్ అనుకోవద్దు. అప్పట్లో అమ్మకాల లెక్క అంటే షాపులవాళ్ళు చెప్పిన మాటే. గాంధీ రోడ్డులో క్యాసెట్ల కొట్టాయన్ని “ఈ వారం ఏది బాగా పోతోందన్నా?” అని అడిగి రాసుకున్నట్టు. షాపులో బార్‌కోడ్ స్కాన్ చేసి అమ్మకాలు లెక్కపెట్టే పద్ధతి హాట్ 100లోకి వచ్చింది 1991 చివర్లో. రేడియోలో ఎంత మోగిందన్నదీ చూసేవాళ్ళు. పెద్ద రికార్డు మీద దాదాపు పావుగంట నడిచే పాట మరి! రేడియో కోసం కత్తిరించిన వెర్షన్ కూడా తేవాల్సి వచ్చింది.

మిగతా పోస్టు అలాగే ఉంది. పాత వాక్యాన్ని స్టేటస్‌లో పెట్టుకున్నవాళ్ళు మార్చుకోగలరు.